పక్కింటి రైలింజను

డెబ్భై అయిదేళ్లు దాటిన మనిషి ఏం చెయ్యాలి? పొద్దున్నే స్నానం చేసి విష్ణు సహస్రనామం చదువుకోవాలి. మనవల చేత కాళ్లు పట్టించుకోవాలి. పెన్షను చాలడం లేదని పత్రికలకు ఉత్తరాలు రాయాలి. నేను మాత్రం ఆదివారం తెల్లవారేసరికి పక్కింటి పెరట్లో ముక్కాలిపీట వేసుకుని, మూరన్నర పొడుగున్న రైలింజను పొట్టలో మసి గీకుతూ వుంటాను.

"ఈ వయసులో మీకీ బొగ్గు చాకిరీ ఏమిటండీ? చూసినవాళ్లు, కొడుకూ కోడలూ తిండి పెట్టక కూలికి పోతున్నాడు కాబోలు అనుకుంటారు" అంటుంది మా ఆవిడ.

ఆమెకు జవాబు చెప్పడం నావల్ల కాలేదు. మీకయినా చెబుదామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా నాయన రైల్వేలో ఫిట్టరు. మద్రాసు, బెజవాడల నడుమ లైనులో వున్న ఒక లోకో షెడ్డులో పని. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ముందు ముందు మీకే తెలుస్తుంది. డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి కళ్లూ పళ్లూ తప్ప తక్కిన మనిషంతా నలుపే. అమ్మ పెరట్లో కిరసనాయిలు గుడ్డా, దోసెడు రంపపు పొట్టూ, బట్టల సబ్బుముక్కా సిద్ధంగా పెట్టేది. మొదట కిరసనాయిలుతో తుడుచుకుని, రంపపు పొట్టుతో రుద్దుకుని, ఆ పైన సబ్బు పెట్టేవాడు. అయినా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. ఆయన 1988లో పోయాడు. అంతకు చాలా ఏళ్ల ముందే రిటైరయినా, ఆ నలుపు మాత్రం చివరిదాకా అక్కడే వుంది.

"నా చేతుల్లాగా నీ చేతులు కాకూడదు అబ్బయా" అనేవాడు. కాలేదు. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా చేరి, చిన్న ఆఫీసరుగా దిగిపోయాను. ముప్ఫయి ఎనిమిదేళ్లలో నా చేతికి అంటింది సిరా ఒక్కటే.

నాలుగేళ్ల కింద మా అబ్బాయి మమ్మల్ని ఇంగ్లండు తీసుకొచ్చాడు. వచ్చిన కొత్తలో నాకు తోచుబాటు కాలేదు. పలకరించే మనిషి లేడు, అరుగు లేదు, అరుగు మీద పేపరు లేదు. ఒక ఆదివారం కిటికీలోంచి ఒక వాసన వచ్చింది. నేను మంచం మీద నుంచి లేచి కూర్చున్నాను. రాక్షసిబొగ్గు పొగా, వేడి నూనే, ఆవిరీ కలిసిన వాసన. చిన్నప్పుడు నాయన చొక్కాకు వుండే వాసన. ఇంగ్లండులో మా నాయన చొక్కా ఎక్కడిది?

చెప్పులు వేసుకుని వాసన వెంబడి వెళ్లాను. పక్కింటి పెరట్లో ఎనభై దాటిన ముసలాయన ఒకడు బల్ల మీద చిన్న రైలింజను పెట్టుకుని, దాని ముందు నమాజు చేస్తున్నవాడిలా వంగి వున్నాడు. పిల్లలాడుకునే బొమ్మ అనుకున్నాను. ఇంతలో అది బుస్సుమంది. సేఫ్టీ వాల్వు ఎత్తుకుని, తెల్లటి ఆవిరి నిలువెత్తున లేచింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన నవ్వి, "భయపడకండి, అది తన పని తాను చేస్తోంది" అన్నాడు.

అలా మా స్నేహం మొదలయింది.

ఆయన బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయినవాడు. పగలంతా లెడ్జర్లు, రాత్రి పెరటి షెడ్డులో చిన్న లేతు మిషను. అలా పదకొండేళ్లు కూర్చుని ఈ ఇంజను చేశాడట. ఈ పిచ్చి ఆయన ఒక్కడిదే కాదు. 1898లో పెర్సివల్ మార్షల్ అనే ఆయన లండన్లో 'మోడల్ ఇంజనీర్' అని ఒక పత్రిక పెట్టాడు. మన ఆంధ్రపత్రిక పుట్టిన 1908 నాటికే దానికి పదేళ్లు. అందులో 1920ల నుంచి దశాబ్దాల తరబడి ఎల్.బి.ఎస్.సి. అనే కలం పేరుతో కర్లీ లారెన్స్ అనే ఆయన, బుల్లి ఇంజన్లు ఎలా చెయ్యాలో సీరియల్‌గా రాశాడు. మనం వారం వారం సీరియల్ నవలలు చదివినట్టే, అక్కడివాళ్లు ఈ వారం సిలిండరూ, వచ్చే వారం పిస్టనూ చదివి, చదివినంతవరకు చేసుకుని, తరువాయి కోసం ఎదురుచూసేవారన్నమాట! అంత చిన్న ఇంజను బొగ్గు మండించి మనిషిని లాగలేదని అప్పట్లో పెద్దలు కొందరు వాదించారు. ఆయన లాగించి చూపించాడు. మా పక్కింటాయన ఇంజను మాత్రం మార్టిన్ ఎవాన్స్ అనే మరో ఆయన గీసిన నమూనా. పేరు 'సింప్లెక్స్'. పేరుకే సింపులు.

దీని పట్టాల మధ్య దూరం అయిదు అంగుళాలు. మన బ్రాడ్‌గేజికి అయిదున్నర అడుగులు. మూడు జతల చక్రాలు, రాగి బాయిలరు, రెండు సిలిండర్లు, పక్కలకు నీళ్ల ట్యాంకులు. నాయన షెడ్డులో వున్న డబ్ల్యూ.జి. గూడ్సు ఇంజనులో వున్న ముఖ్యమైనదేదీ దీంట్లో లేకపోలేదు. ఇద్దరం పడితేగాని లేవదు. పట్టాల మీద పెడితే పదిమందిని లాగుతుంది.

నన్ను చేరదీయడంలో ఆయన స్వార్థం కూడా కొంత వుంది. కళ్లు మసకబారాయి. చేతులు వణుకుతున్నాయి. పిల్లలు ఎక్కడో దూరాన వున్నారు, వాళ్లకిది పట్టదు. "ఈ ఏడాది చూసి అమ్మేస్తాను. గాజుగొట్టంలో నీళ్లు కనిపించనివాడు బాయిలరు ముందు కూర్చోకూడదు" అన్నాడొకరోజు, వాతావరణం గురించి చెబుతున్నట్టు. నా తండ్రి ఫిట్టరని తెలిశాక మాత్రం ఆయన నా చేతిలో మసి బ్రష్షు పెట్టాడు. ఫిట్టరు కొడుకు గుమాస్తా. గుమాస్తా ఉద్యోగం చేసినవాడు ఫిట్టరు. ఇద్దరికీ జోడీ బాగానే కుదిరింది.

ఇంజను నడపడం అంటే నిప్పు పెట్టి హ్యాండిలు లాగడం కాదని మొదటిరోజే తెలిసింది. నడిచేది గంట. దానికి ముందు గంటన్నర, తర్వాత గంట చాకిరీ.

నీళ్లతో మొదలు. కుళాయి నీళ్లు పనికిరావు. సున్నం వున్న నీళ్లు మరిగితే కాగు అడుగున కట్టినట్టే బాయిలరులోనూ పక్కు కడుతుంది. రాగికి వేడి అందదు, సన్న గొట్టాలు పూడిపోతాయి. అందుకని ఆయన షెడ్డు కప్పు మీది వాననీళ్లు పీపాలో పట్టి, గుడ్డలో వడగట్టి పోస్తాడు. బాయిలరు గాజుగొట్టంలో ముప్పాతిక వంతు దాకా నింపాలి. ట్యాంకులూ నింపాలి. చేతిపంపు నాలుగుసార్లు కొట్టి, నీళ్లు నిజంగా బాయిలరులోకి పోతున్నాయా అని చూసుకోవాలి. నిప్పు పెట్టాక చూసుకుంటామంటే కుదరదు.

తర్వాత నూనె. నూనె అంటే ఒకటి కాదు, రెండు. చక్రాల బేరింగులకూ, కడ్డీల కీళ్లకూ మామూలు నూనె. ప్రతి కీలుకూ ఒక చుక్క, ఒక్కటీ మరవకుండా. సిలిండర్లకు మాత్రం ఆముదంలా చిక్కటి నూనె. వేడి ఆవిరి మామూలు నూనెను కడిగి పారేస్తుంది, పిస్టను ఎండిపోయి గీరుకుపోతుంది. ఆ చిక్కనూనె చిన్న పెట్టెలో పోస్తే, ఇంజను కదిలే కొద్దీ ఒక చిట్టి పంపు దాన్ని బొట్టు బొట్టుగా ఆవిరిలో కలుపుతుంది. రోజు చివర పొగగొట్టం అంచు తడిమితే వేలికి నూనె జిడ్డు తగలాలి. తగలకపోతే సిలిండరు పస్తున్నట్టు లెక్క.

ఇక నిప్పు. ముందురోజు రాత్రే కర్రబొగ్గు ముక్కల్ని కిరసనాయిలులో నానబెట్టాలి, మా ఆవిడ గారెలకు మినప్పప్పు నానబోసినంత శ్రద్ధగా. బాయిలరు చల్లగా వుండగా పొగగొట్టంలో గాలి తనంతట తాను ఎక్కదు. అందుకని గొట్టం మూతికి చిన్న కరెంటు ఫ్యాను తగిలించి, పొగను పైకి లాగించాలి. కర్రబొగ్గు కణకణలాడాక రాక్షసిబొగ్గు, చిక్కుడుగింజంత ముక్కలు, కొంచెం కొంచెంగా. మంచి వెల్ష్ బొగ్గు ఇప్పుడు దొరకడం లేదు. సౌత్ వేల్స్‌లో మెర్తిర్ దగ్గర మిగిలిన పెద్ద గని కూడా 2023లో మూతపడింది. మా పెద్దాయన రెండు బస్తాలు దాచుకున్నాడు. మా ఆవిడ కొత్త చింతపండు దాచినట్టు, ఎవరికీ కనబడకుండా. మా నాయన కూడా సింగరేణి బొగ్గు గుప్పిట్లోకి తీసుకుని చూసి, ఈ బండి ఎలా నడుస్తుందో చెప్పేవాడు.

పావుగంటకో, ఇరవై నిమిషాలకో ముల్లు కదులుతుంది. చదరపు అంగుళానికి ఇరవై పౌన్లు దాటాక ఫ్యాను తీసేసి, ఇంజను తన ఆవిరితోనే తన నిప్పు ఊదుకునేట్టు బ్లోయరు తిప్పాలి. బిడ్డ తనంతట తాను ఊపిరి పీల్చినట్టు వుంటుందా క్షణం. ఎనభై పౌన్లకు సేఫ్టీ వాల్వు ఎత్తుకోవాలి. ఎత్తుకోకపోతే ఆ రోజుకు ఇంజను కదలదు.

నీళ్లు పెట్టడానికి మూడు దారులున్నాయి. ఇరుసు తిరిగితే కొట్టే పంపు ఒకటి, చేతిపంపు ఒకటి, ఇంజెక్టరు ఒకటి. ఇందులో ఇంజెక్టరు సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడి లాంటిది. ట్యాంకులో నీళ్లు కాస్త వేడెక్కితే అలుగుతుంది. నలుసు అడ్డుపడితే అలుగుతుంది. ఎక్కడో చిటికెడు గాలి పీల్చినా అలుగుతుంది. అప్పుడు విప్పి, రాత్రంతా వెనిగరులో నానబెట్టి బతిమాలుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం గాజుగొట్టం. బాయిలరు లోపల నీళ్లెంత వున్నాయో చెప్పే సాక్షి అదొక్కటే. నిప్పు మండే పెట్టె కప్పు మీద ఎప్పుడూ నీళ్లు నిలిచి వుండాలి. నీళ్లు దిగిపోయి కప్పు బయటపడిందంటే, అంత నిప్పుకీ రాగి మెత్తబడుతుంది. తర్వాత జరిగేది మనం చెప్పనక్కరలేదు. ఈ సాక్షి ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. పైదారో కిందిదారో పూడితే, లోపల నీళ్లు తగ్గుతున్నా గొట్టంలో తగ్గవు. పైగా ఆవిరి చల్లబడి నీరై, నిండినట్టు కూడా కనిపిస్తుంది. అందుకని అడుగున వున్న చిన్న కాకు తెరిచి, గొట్టాన్ని ఊదించాలి. నీళ్లన్నీ బుస్సున పోయి, కాకు మూయగానే టక్కున పైకి ఎగిరి రావాలి. ఎగిరి వస్తే సాక్షి నిజం చెబుతున్నట్టు. నింపాదిగా పాకుతూ వస్తే, ఎక్కడో అడ్డు వుందన్నమాట.

పట్టాల మీద ఎక్కించాక సిలిండర్ల కింద కాకులు తెరిచి, ముందుకూ వెనక్కూ మెల్లగా కదపాలి. చల్లటి సిలిండరులో ఆవిరి నీరయి నిలుస్తుంది. ఆవిరి నొక్కితే నలుగుతుంది. నీరు నలగదు, మూత పగలగొడుతుంది. ఆ కాకుల్లోంచి చిరచిరమని నీళ్లూ ఆవిరీ చిమ్ముతూ ఇంజను మొదటి అడుగు వేస్తుంటే, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంత నేర్చుకున్నాక, పార్కులో పట్టాలున్న క్లబ్బువాళ్లు నా చేత నాలుగు చుట్లు నడిపించి, పరీక్ష చేసి, పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ రాత్రి మా ఆవిడతో, "డ్రైవరు నయ్యాను" అన్నాను. "జీతమెంత?" అంది.

ఇక ఆ ఆదివారం సంగతి. పొద్దున వాన పడింది. అన్నీ ఆలస్యం. వాన వెలిసేసరికి పార్కు నిండా పిల్లలు, చాంతాడంత వరస. మా మనవరాలు తన స్నేహితురాళ్లను వెంటబెట్టుకొచ్చింది. "తాతయ్యా, త్వరగా!" అని ఒకటే గోల. గాజుగొట్టంలో నీళ్లు సగానికి, నిశ్చింతగా వున్నాయి. ఊదించడానికి ఒక నిమిషం. ఆ నిమిషం నాకు బరువనిపించింది.

స్టేషను దగ్గర మడత కుర్చీలో కూర్చున్న పెద్దాయన అడిగాడు. "గ్లాసు ఊదించారా?"

"ఊదించాను" అన్నాను.

అబద్ధం ఆడాలని ఆడలేదు. నోటికి అలా వచ్చేసింది. కాని అబద్ధం అబద్ధమే.

నాలుగు చుట్లు బ్రహ్మాండంగా నడిచింది. నేను ముందు బండి మీద, నా వెనకే మా మనవరాలు, దాని వెనక పిల్లలు. అయిదో చుట్టుకు ఆగినప్పుడు ఆయన మాటవరసకు అడిగాడు.

"పంపు ఎన్నిసార్లు పెట్టారు?"

"అవసరమే రాలేదు. నీళ్లు సగం దగ్గరే వున్నాయి" అన్నాను గొప్పగా.

ఆయన కుర్చీలోంచి లేచిన వేగం చూస్తే ఎనభై దాటినవాడని ఎవరూ అనుకోరు. నాలుగు చుట్లు పదిమందిని లాగి, చుక్క నీరు లోపలికి పోకుండా, గ్లాసులో నీళ్లు తగ్గకపోవడమా? బాయిలరా, అక్షయపాత్రా? (అక్షయపాత్ర మాట ఆయనది కాదు, నాది. ఆ మాట నాకు రాత్రికిగాని తట్టలేదు.) "పిల్లల్ని దింపండి. దూరంగా పంపండి" అన్నాడు. గొంతు పెంచలేదు.

పిల్లలు దిగారు. నా చెయ్యి దానంతటదే చేతిపంపు మీదికి పోయింది. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ వణికే చెయ్యి అప్పుడు వణకలేదు.

"నీళ్లు వద్దు. ముందు నిప్పు."

కాలిన కప్పు మీద చల్లటి నీళ్లు పడితే వున్న ముప్పుకు కొత్త ముప్పు తోడవుతుంది. నిప్పుల జల్లెడకు వున్న మేకు లాగేశాం. ఎర్రటి నిప్పులన్నీ జలజలమని పట్టాల నడుమ రాలాయి. అప్పుడాయన గాజుగొట్టం కాకు తెరిచాడు. గొట్టంలో వున్న సగం నీళ్లూ కారిపోయాయి. కాకు మూశాడు. గొట్టంలోకి ఒక్క చుక్క తిరిగి రాలేదు.

సాయంత్రం చల్లారాక విప్పితే, కింది దారిలో నూకగింజంత పక్కు ముక్క వుంది. బాయిలరులో మిగిలిన నీళ్లు కొలిచాడు. కప్పు మీద నీరు వున్నదో లేదో చెప్పలేనంత. బుల్లి రాగి బాయిలరు బాంబులా పేలకపోవచ్చు. కాని కప్పు జారితే ఎగదన్నే ఆవిరి మొదట నా మోకాళ్ల మీదికి వస్తుంది. ఆ తర్వాత నా వెనక కూర్చున్న పిల్ల మీదికి.

కారులో తిరిగి వస్తూ, "నేను గ్లాసు ఊదించలేదు" అన్నాను.

"తెలుసు" అన్నాడాయన. "ఊదించి వుంటే అప్పుడే తెలిసేది గదా."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. అని వుంటే బాగుండేది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కళ్లు మూసుకుంటే 1967 కనిపించింది. అప్పుడు నేను పి.యు.సి. ఒకరోజు నాయన షెడ్డులో ఒక గూడ్సు ఇంజన్ను బయటికి పంపనని భీష్మించుకున్నాడు. దానికి రెండు గాజుగొట్టాలుంటాయి. రెండూ ఒక్క మాట చెప్పాలి. ఆ రోజు ఒకటి ఒక మాట, రెండోది ఇంకో మాట చెబుతున్నాయట. బండి ఆలస్యమయింది. పై అధికారి ఒకాయన వచ్చి కేకలేశాడు. నాయన, "విప్పి చూసేదాకా సంతకం పెట్టను" అన్నాడు. బండి రెండు గంటలు ఆగింది. విప్పి చూస్తే చెప్పుకోదగ్గ లోపమేమీ కనిపించలేదు. నాయన మీద చార్జిషీటు వచ్చింది; ఏడాది ఇంక్రిమెంటు ఆపేశారు.

ఆ ఇంక్రిమెంటు మీదే నా కాలేజీ ఫీజు లెక్క వుంది. అమ్మ తన చేతి గాజులు రెండు తీసి ఇచ్చింది. నేను నాయన మీద ఇంతెత్తు లేచాను.

"ఒక్క గాజుగొట్టం కోసం ఇంటిల్లిపాదినీ బజారున పెడతావా? పోనిచ్చి వుంటే ఏమయ్యేది?" అన్నాను.

నాయన నన్ను తిట్టలేదు. కిరసనాయిలు గుడ్డ అందుకుని చేతులు తుడుచుకుంటూ, "ఏమీ కాకుండా కూడా పోయేదేమో, అబ్బయా" అన్నాడు. అని పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఆ మాట నాకు ఓటమి ఒప్పుకున్నట్టుగా వినిపించింది. యాభై ఏళ్లకు పైగా అలాగే వినిపిస్తూ వచ్చింది. ఆ మాట అన్నందుకు నేను ఆయన దగ్గర ఏనాడూ నొచ్చుకోలేదు. ఉద్యోగం వచ్చాక అమ్మకు గాజులు చేయించాను. నాయన దగ్గర తీర్చుకోవలసిన బాకీ ఒకటి వుందని మాత్రం నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడకు ఇదంతా చెప్పాను, మనవరాలి సంగతితో సహా. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మామగారు ఆ ఇంజను డ్రైవరు పెళ్లాం పిల్లల్ని చూసి వుంటారు" అంది. ఆమె ఇంజను ముందు అయిదు నిమిషాలయినా నిలబడింది లేదు. నాకు ఇంత కాలం పట్టిన సంగతి ఆమెకు అయిదు నిమిషాల్లో బోధపడింది.

బాయిలరును మళ్లీ పరీక్షకు పెట్టించాం. ఆవిరితో కాదు, చల్లటి నీళ్లతో. లోపల గాలి లేకుండా నీళ్లు నిండుగా నింపి, దాని మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, అంటే ఎనభైకి నూట ఇరవై పౌన్లు ఎక్కించి నిలబెడతారు. నీరు నలగదు గనక, లోపం వుంటే చుక్కగా బయటపడుతుందేగాని పేలదు. పరీక్షించే ఆయన టార్చిలైటు వేసి ఫైర్‌బాక్సు లోపల ప్రతి అతుకూ చూశాడు. ముల్లు కదల్లేదు. చుక్క కారలేదు. కప్పు వంగలేదు.

"ఏమీ కాలేదు" అన్నాడాయన కాగితం మీద సంతకం పెడుతూ.

నేను మొహం తిప్పుకుని ట్యాంకు తుడుస్తున్నట్టు నటించాను. మసి చేతుల్తో కళ్లు తుడుచుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు.

ఏమీ కాకుండా వుండడం కోసమే గదా ఈ చాకిరీ అంతా! వాననీళ్లు వడగట్టడం, కీలు కీలుకూ నూనె చుక్క, వాల్వు ఎత్తుకునేదాకా కాచుకోవడం, గాజుగొట్టం ఊదించడం. ఇవన్నీ సరిగ్గా చేసినవాడికి దక్కే ఫలితం ఒక్కటే: ఏమీ జరగదు. జరగనిదాన్ని చూపించి ఎవడు ఇంక్రిమెంటు అడగగలడు? మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండ్ల రోజువారీ నడక 1995తో ముగిసింది. అంతవరకు ప్రతి షెడ్డులో, ప్రతి రాత్రి, మా నాయన లాంటివాళ్లు ఎందరు ఇలా ఏమీ జరగకుండా చూసుకున్నారో! ఎక్కి కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకున్న మనకు అది తెలియవలసిన అవసరమే రాలేదు.

పెద్దాయన ఇంజన్ను అమ్మేస్తాడనుకున్నాను. పరీక్షయిన రోజున ఇంటి దగ్గర దింపుతూ, "వచ్చే ఆదివారం ఎన్నింటికి వస్తారు?" అన్నాడు. అంతే.

ఇప్పుడు ఆయన పని కుర్చీలో కూర్చుని అడగడం. నా పని చేసి చెప్పడం. "గ్లాసు ఊదించారా?" అంటాడు. "ఒకసారి నిప్పు ముందు పెట్టగానే, ఒకసారి ఇప్పుడు" అంటాను. మా మనవరాలు పక్కన నిలబడి, నీళ్లు టక్కున ఎగిరి వచ్చాయో లేదో తాను కూడా చూసి, "వచ్చాయి తాతయ్యా" అని సాక్ష్యం చెబుతుంది. అప్పుడుగాని పిల్లలు ఎక్కరు.

సాయంత్రం నిప్పు దించి, బూడిద ఎత్తి, ఆవిరి తగ్గాక నీళ్లు వదిలేస్తాం. పొగపెట్టెలో బూడిద మిగిల్చామా, ఆ గంధకానికి తేమ తగిలి ఇనుమును తినేస్తుంది. అందుకని గొట్టాలు గోరువెచ్చగా వుండగానే ఒక్కొక్కదాంట్లో బ్రష్షు దూర్చి లాగాలి. సిలిండర్లలో చిక్కనూనె నాలుగు చుక్కలు వేసి, చక్రాలు చేత్తో తిప్పి, ఒళ్లంతా నూనెగుడ్డతో తుడిచి, దుప్పటి కప్పి పడుకోబెట్టాలి. చలికాలంలో ఎక్కడా చుక్క నీరు నిలవకూడదు. గడ్డకట్టిన నీరు గొట్టాన్ని చీల్చేస్తుంది.

ఆ తర్వాత ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటాను. ఈ ఊళ్లో సబ్బులకు కొదవ లేదు. నేను మాత్రం గుడ్డ మీద కాస్త కిరసనాయిలు వేసుకుని, పెద్దాయన షెడ్డులోంచి తెచ్చుకున్న రంపపు పొట్టుతో రుద్దుకుంటాను. అయినా గోళ్ల సందుల్లో నలుపు పోవడం లేదు.

మొన్న మా ఆవిడ అన్నం వడ్డిస్తూ నా చెయ్యి చూసింది. మళ్లీ చాకిరీ పాట మొదలుపెడుతుందేమో అనుకున్నాను.

"అచ్చం మామగారి చెయ్యి" అంది. అని, ఇంకొంచెం నెయ్యి వేసింది.